చెడిన మారథాన్ తర్వాత మళ్లీ ట్రైనింగ్: నెల్లూరు, ఒంగోలు రన్నర్ల కోసం సమగ్ర మార్గదర్శి

ముంబయిలోనో, హైదరాబాద్‌లోనో, వైజాగ్‌లోనో ఫుల్ (42.2 కి.మీ.) మారథాన్‌లో దెబ్బతిని వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతతో మొదలుపెట్టాలి?

దెబ్బతినడమంటే 30 కి.మీ. దాటాక నడుచుకుంటూ రావడం కావచ్చు, పిక్కలు పట్టేసి ఫుట్‌పాత్ మీద కూలబడటం కావచ్చు, మధ్యలోనే ఆపేయడం కావచ్చు. ఏదైనా తిరిగొచ్చే వరస మారదు. ముందు ఒంటికి ప్రమాదమేమీ లేదని తేల్చుకోవాలి. తర్వాత రేసు ఎక్కడ చెడిందో లెక్క తీయాలి. ఆ తర్వాతే బూట్లు కట్టాలి. వేగం అన్నిటికంటే చివర.

చాలామంది దీన్ని తిరగేస్తారు. సోమవారం రెస్టు, బుధవారం కసి, ఆదివారం 25 కిలోమీటర్లు! ప్రాక్టీసు చాలకే రేసు పోయిందనుకుని కిలోమీటర్లు పెంచేస్తారు. నిజానికి ఎక్కువసార్లు రేసు పోయేది మొదటి 10 కి.మీ. తొందరలో, లేదా జేబులోనే మిగిలిపోయిన జెల్లులతో (దారిలో మింగే తీపి శక్తి ముద్దలు).

కింది అంకెలు వారానికి 35 నుంచి 60 కి.మీ. పరిగెత్తుతూ, 4 నుంచి 5½ గంటల్లో ఫుల్ ముగించేవాళ్ల కోసం. అంతకంటే తక్కువ పరిగెత్తేవాళ్లు ప్రతి దశకూ ఇంకో వారం కలుపుకోండి.

## 1. ముందు తేల్చుకోవాల్సింది: రెస్టా, డాక్టరా

ఫుల్ పరిగెత్తాక తొడలు, పిక్కలు నొప్పెట్టడం మామూలే. ఆ నొప్పి రెండో రోజు ముదిరి, మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. రెండు కాళ్లలో ఇంచుమించు సమానంగా ఉంటుంది. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా మాత్రం రెస్టుతో సరిపెట్టుకోకండి.

అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సినవి:

- మూత్రం కోలా రంగులోనో, బాగా చిక్కటి టీ రంగులోనో రావడం, లేదా సరిగా రాకపోవడం. కండరాలు విపరీతంగా దెబ్బతిని ఆ వ్యర్థం కిడ్నీల మీద పడుతోందేమో చూడాలి.
- ఛాతీలో నొప్పి, పడుకున్నా ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం.
- తలనొప్పి, వాంతులు, తికమక, చేతులు ఉబ్బడం. రేసులో నీళ్లు అతిగా తాగి రక్తంలో సోడియం పడిపోయినప్పుడు ఇలా ఉంటుంది. ఇంకా నీళ్లు పట్టించకండి, అది హాని.
- ఒక్క పిక్కే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండటం. రాత్రంతా బస్సులోనో రైల్లోనో కదలకుండా కూర్చుని వచ్చినవాళ్లు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు.

రెండు మూడు రోజుల్లో ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించాల్సినవి:

- ఎముక మీద ఒకే చోట, వేలితో చూపించగలిగేంత కచ్చితమైన నొప్పి.
- రాత్రి నిద్రలో లేపే నొప్పి.
- ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోవడం.

ఇవి ఎముకలో సన్నని చీలికకు గుర్తులు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు, పరిగెత్తొచ్చు’ అనుకోకండి, అవసరమైతే ఎంఆర్ఐ చేయించుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పారని పసరు కట్టు వేయించుకుంటే అసలు విషయం తేలకుండానే ఆరు వారాలు గడిచిపోతాయి.

వడదెబ్బతో రేసు ఆపేసినవాళ్లది వేరే లెక్క. స్పృహ తప్పినా, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా డాక్టరు సరేననేదాకా ఎండలో పరుగు వద్దు.

## 2. మొదటి వారం: పరుగు సున్నా

ఇందులో బేరం లేదు. ఏడు రోజులూ పరుగు లేదు. ఊపిరి, గుండె మూడో రోజుకే తేలికపడతాయి, అందుకే ‘బాగానే ఉన్నా కదా’ అనిపిస్తుంది. కండరాలు, స్నాయువులు, ఎముకలు అంత త్వరగా కోలుకోవు.

మొదటి మూడు రోజులు. ఇంట్లో, వీధిలో 10–20 నిమిషాల చొప్పున నడవండి. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీలకు భారం. నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించుకోవడం, కాళ్లు తొక్కించుకోవడం కూడా ఇప్పుడే వద్దు. చిరిగిన కండరాన్ని ఇంకా నలిపినట్టవుతుంది.

నాలుగు నుంచి ఏడో రోజు. 30–40 నిమిషాల నడక, లేదా తేలిగ్గా సైకిల్. ఈత వచ్చినవాళ్లు ఈదొచ్చు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోకుండా దిగగలుగుతున్నారో లేదో రోజూ గమనించండి.

తిండి దగ్గర పొదుపు వద్దు. కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకోండి. 60 కిలోల మనిషికి 95 గ్రాముల పైచిలుకు. కోడిగుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8, వంద గ్రాముల చేపలో 20 దాకా ఉంటుంది. చేపలకు కరువు లేని ప్రాంతం మనది, రెండు పూటలా తినండి. శాకాహారులు మూడు పూటలూ పప్పు, పెరుగు, మధ్యలో ఉడికించిన శనగలు పెట్టుకుంటేనే ఆ లెక్క తేలుతుంది. అన్నం తగ్గించడానికి ఇది సమయం కాదు.

బొబ్బలుంటే, ఒత్తిడికి నొప్పి పెడుతున్న వాటినే శుభ్రమైన సూదితో అంచున పొడిచి నీరు తీయండి. పై చర్మం పీకేయకండి. నల్లబడ్డ కాలిగోరు దానంతటదే ఊడుతుంది.

## 3. రేసు ఎక్కడ చెడిందో లెక్క తీయడం

కాళ్లకు పని లేని ఈ వారంలోనే కూర్చుని చేయాల్సిన పని ఇది. ఇది వదిలేస్తే వచ్చే ఆరు నెలలూ అదే రేసుకు మళ్లీ తయారైనట్టు.

ముందు వాచీలోని కిలోమీటర్ల వారీ టైములు, ఉంటే పల్స్ అంకెలు ఒక కాగితం మీద రాయండి. పక్కన మరో నిలువు వరసలో ఏ కిలోమీటరు దగ్గర ఏం తాగారు, ఏం తిన్నారు, ఎలా అనిపించింది రాసుకోండి. వారం దాటితే జ్ఞాపకం కథలల్లుతుంది, ఇప్పుడే రాయండి.

3.1 పేస్ (కిలోమీటరుకు పట్టే టైము) లెక్క

మొదటి సగం, రెండో సగం టైములు పోల్చండి. రెండో సగం 10 శాతం కంటే ఎక్కువ మందగిస్తే, అంటే మొదటిది 2 గంటలైతే రెండోది 2:12 దాటితే, ముందుగా అనుమానించాల్సింది పేస్‌నే.

లక్ష్యం సరైనదేనా అన్నది రీగెల్ సూత్రంతో (ఒక దూరం టైమును బట్టి మరో దూరం టైమును అంచనా వేసేది) చూసుకోవచ్చు. ఈమధ్య పరిగెత్తిన హాఫ్ మారథాన్ టైమును 2.085తో గుణించండి. 2 గంటల హాఫ్‌కు 250 నిమిషాలొస్తాయి, అంటే 4:10. కిలోమీటరుకు 5:55. అదీ అన్నీ కలిసొస్తే. వారానికి 50 కి.మీ. కంటే తక్కువ పరిగెత్తేవాళ్లు ఇంకో 10–15 నిమిషాలు కలుపుకోవడం మంచిది. అప్పుడు కిలోమీటరుకు 6:10 నుంచి 6:17.

ఇదే 2 గంటల రన్నర్ ‘రెండు రెళ్లు నాలుగు గంటలు’ అని లెక్కేసుకుని 5:41తో బయల్దేరతాడు. కిలోమీటరుకు 14 సెకన్లే కదా అనిపిస్తుంది. 30 దాటాక ఆ 14 సెకన్లకు వడ్డీ రెండు మూడు నిమిషాల చొప్పున కట్టాల్సి వస్తుంది.

3.2 తిండి లెక్క

గుర్తు: 28–32 కి.మీ. మధ్య ఉన్నట్టుండి శక్తి హరించుకుపోవడం, తల మందకొడిగా మారడం, పల్స్ పెరగకుండా పడిపోవడం.

65 కిలోల మనిషి ఫుల్ పూర్తి చేయడానికి సుమారు 2,700 కిలో కాలరీలు కావాలి. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండి పదార్థం ఇచ్చేది 2,000 దరిదాపుల్లోనే. కొవ్వు కొంత ఇస్తుంది కానీ ఆ వేగానికి చాలదు. తేడాను దారిలో తినాలి, గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్. నాలుగున్నర గంటల రేసుకు గంటకు 45 చొప్పున 200 గ్రాములు. ఒక జెల్‌లో 20–25 గ్రాములే ఉంటాయి కాబట్టి నాలుగు జెల్లులు తిన్నవాళ్లు సగమే తిన్నారన్నమాట.

3.3 వేడి, నీళ్ల లెక్క

గుర్తు: పేస్ తగ్గుతున్నా పల్స్ పెరుగుతూ పోవడం, ఇబ్బంది 10–15 కి.మీ. దగ్గరే మొదలవడం. ఇలాంటప్పుడు ఫిట్‌నెస్‌ను అనుమానించకండి. చల్లటి పొద్దుల్లో ప్రాక్టీసు చేసి, ఎండెక్కాక ముగిసే రేసుకు వెళ్తే ఎవరికైనా ఇదే జరుగుతుంది.

3.4 కాళ్ల లెక్క

గుర్తు: ఊపిరి బాగుంటుంది, మాట్లాడగలుగుతారు, కానీ తొడలు బిగుసుకుపోతాయి, దిగుడు వచ్చిన చోట నరకం. నెల్లూరు, ఒంగోలు రన్నర్లకు ఇది ప్రత్యేకంగా వచ్చే సమస్య. మనం పరిగెత్తే రోడ్లు చదును. హైదరాబాద్ ఫ్లైఓవర్లు, వైజాగ్ బీచ్ రోడ్డు ఎత్తుపల్లాలు, ముంబయిలో చివర్న వచ్చే పెద్దర్ రోడ్ ఎక్కుడు వీటికి చదును రోడ్లకు అలవాటైన కాళ్లు తట్టుకోవు. ఎక్కేటప్పుడు పోయేది టైమే, తొడలు చితికేది దిగేటప్పుడు.

పిక్కలు పట్టేయడాన్ని చాలామంది ఉప్పు మీదికి తోసేస్తారు. ఉప్పు పాత్ర కొందరిలో ఉండొచ్చు. ప్రాక్టీసులో ఎన్నడూ చేయని వేగంతో అన్ని గంటలు పరిగెత్తితే కండరం అలసి పట్టేయడమే ఎక్కువ. ముందు 3.1 చూసుకుని తర్వాత ఉప్పు సంగతి చూడండి.

3.5 కడుపు, జబ్బు, నిద్ర

కడుపు చెడితే మూడు ప్రశ్నలు. జెల్ నీళ్లు లేకుండా మింగారా? ఆ బ్రాండ్ ప్రాక్టీసులో వాడారా? ముందు రాత్రి ఏం తిన్నారు? చింతపులుసు, కారం దండిగా పడ్డ చేపల పులుసు రేసు తర్వాత తినాల్సిన భోజనం, ముందు రాత్రిది కాదు.

రేసుకు ముందు రెండు వారాల్లో జ్వరం వచ్చి ఉంటే ఇంకే కారణమూ వెతకొద్దు. నెలల తరబడి ఊరికే అలసటగా ఉంటే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి పరీక్షలు చేయించండి. ఆడవాళ్లు, శాకాహారులు ముఖ్యంగా. రేసు తర్వాత కనీసం రెండు వారాలు ఆగి ఈ పరీక్షలకు రక్తమివ్వండి. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

చివరికి కాగితం అడుగున ఒక్క కారణమే రాయండి, మహా అయితే రెండు. ఐదు రాస్తే ఏదీ సరిచేయలేరు.

## 4. పరుగుకు ముందు కాళ్ల పరీక్ష

ఎనిమిదో రోజో, పదో రోజో ఈ ఐదూ చేసి చూడండి. అన్నీ దాటితేనే అయిదో దశ.

- 45 నిమిషాల వేగపు నడక, మర్నాడు కొత్త నొప్పి లేకుండా.
- ఒక్కో కాలి మీద 10 గెంతులు, నొప్పి లేకుండా.
- ఒంటికాలి మీద మడమ లేపడం, ఒక్కో కాలికి 20 సార్లు. రెండు కాళ్ల మధ్య తేడా 5 దాటకూడదు.
- ఒక అంతస్తు మెట్లు మామూలుగా దిగడం.
- పొద్దున లేవగానే, మంచం దిగకముందు పల్స్ మీ మామూలు అంకెకు దగ్గర్లో ఉండటం. 7–10 ఎక్కువుంటే ఇంకా కోలుకోలేదని అర్థం.

ఒక్కటి తప్పినా మూడు రోజులు నడిచి మళ్లీ చూడండి. మూడు వారాలైనా గెంతుల పరీక్ష దాటకపోతే డాక్టరును కలవాల్సిందే.

## 5. తిరిగి మొదలు: రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా

రేసుకు ముందు, టేపర్ (రేసు దగ్గరపడ్డాక పరుగు తగ్గించడం) మొదలవకముందు నాలుగు వారాల సగటు తీయండి. అదే మీ 100 శాతం. కింది ఉదాహరణ వారానికి 50 కి.మీ. సగటుతో.

రెండో వారం: 10–12 కి.మీ. మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఒక్కోసారి 25–30 నిమిషాలు. మొదటి రోజు 4 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక చొప్పున మార్చి మార్చి.

మూడో వారం: 25 కి.మీ. నాలుగు రోజులు. అన్నిటికంటే పెద్దది 55–60 నిమిషాలు.

నాలుగో వారం: 32–35 కి.మీ. నాలుగు రోజులు. పెద్దది 75 నిమిషాలు.

ఐదో వారం: మళ్లీ 32–35. పెంచకండి. వారం మధ్యలో ఒక ఈజీ రన్ (నిదానపు పరుగు) చివర 20 సెకన్ల స్ట్రైడ్లు 4. మధ్యలో పూర్తిగా నడిచి ఊపిరి తీసుకోండి. స్ట్రైడ్ అంటే సాఫీగా, వేగంగా సాగే అడుగులు. పళ్లు బిగపట్టి చేసే స్ప్రింట్ కాదు.

ఆరో వారం: 40 కి.మీ. పెద్దది 90 నిమిషాలు. స్ట్రైడ్లు 6.

ఏడో వారం: 44–45 కి.మీ. తొలి టెంపో (కష్టమనిపించినా నిలకడగా సాగించగల వేగపు పరుగు) ఇక్కడే. 8 నిమిషాల చొప్పున రెండుసార్లు, మధ్యలో 3 నిమిషాల జాగింగ్. ముందు 15, తర్వాత 10 నిమిషాలు నిదానం.

ఎనిమిదో వారం: 30 కి.మీ. కావాలనే తగ్గించే వారం. బాగున్నా తగ్గించండి.

మొదటి ఆరు వారాల్లో స్ట్రైడ్లు తప్ప అన్నీ నిదానపు పరుగులే. ఎంత నిదానం? చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న పద్యాన్ని పాదానికో ఊపిరి చొప్పున చెప్పుకోగలగాలి. పాదం మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టే. అంకెల్లో కావాలంటే, మారథాన్ పేస్ 6:10 అయితే ఈజీ రన్ 7:00 నుంచి 7:40. ఉక్క రోజుల్లో ఇంకా నెమ్మది. సోషల్ మీడియాలో ఆ అంకె చూసి ఎవరో ఏదో అనుకుంటారని వేగం పెంచేవాళ్లు అసలు పోస్ట్ చేయకపోతే సగం గాయాలు తప్పుతాయి.

ఏది ముందు పెంచాలి అన్నదానికి వరస: రోజులు, తర్వాత నిమిషాలు, తర్వాత లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పెద్ద పరుగు), తర్వాత స్ట్రైడ్లు, టెంపో, ఆఖరున ఇంటర్వల్స్ (మధ్యలో విరామాలతో చేసే వేగపు పరుగులు). పైన చెప్పినదానికి మించి ఒకే వారంలో రెండింటిని పెంచొద్దు.

నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసుకోండి:

- 0–3, పరుగులో పెరగకపోతే, మర్నాటికి మామూలైతే: కొనసాగించండి.
- 4–5, లేదా మర్నాడూ ఉంటే: రెండు రోజులు ఆపి, ముందటి వారం కొలతకు వెనక్కి వెళ్లండి.
- 6 అయినా, అంతకు మించినా, కుంటినా: ఆ క్షణమే ఆపండి. ఆటో ఎక్కి ఇంటికి రావడంలో నామోషీ లేదు.

## 6. కాళ్లకు బలం

3.4లో మీ కారణం ఉంటే ఈ దశ వదలకండి. వారానికి రెండుసార్లు, 25 నిమిషాలు. నాలుగో వారం నుంచి.

- మడమ లేపడం: మెట్టు అంచున నిలబడి, ఒక్కో కాలికి 12 చొప్పున 3 సార్లు. దిగేటప్పుడు మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా.
- మెట్టు దిగడం: 20 సెం.మీ. మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి రెండో మడమను నేలకు తాకించి పైకి లేవడం, 10 చొప్పున 3.
- వెల్లకిలా పడుకుని తుంటి లేపడం: 15 చొప్పున 3, తేలికైతే ఒంటికాలితో.
- పక్క ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేతి మీద ఒళ్లు తిన్నగా నిలపడం): ఒక్కో పక్కకు 30 సెకన్ల చొప్పున 3.

ఎనిమిదో వారం దాటాక ఎత్తు వెతుక్కోండి. నెల్లూరు వాళ్లకు నరసింహకొండ ఎక్కే రోడ్డు ఉంది, ఒంగోలులో కొండ మీద గుడికి వెళ్లే దారి ఉంది. ఎక్కేది నిదానంగా పరిగెత్తండి. దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులతో, మడమ మీద బ్రేకు వేయకుండా. మొదటిసారి దిగుడు మొత్తం 5 నిమిషాలకు మించొద్దు, పది రోజులకోసారి పెంచండి. మొదటిసారి మర్నాడు తొడలు నొప్పెడతాయి. రెండోసారికి అందులో సగమే ఉంటుంది, ఆ తట్టుకునే గుణం కోసమే ఇదంతా.

## 7. మన ఎండ, మన రోడ్లు

తిరిగి మొదలుపెట్టే నెలను బట్టి ప్రణాళిక మారాలి.

జనవరి రేసు చెడితే ఫిబ్రవరి, మార్చి తిరిగి నిలబడటానికి సరిపోతాయి. ఏప్రిల్ నుంచి తీరంలో ఉక్క, పడమట ఉదయగిరి, పొదిలి వైపు మెట్టల్లో పొడి ఎండ. రోహిణి కార్తెలో లాంగ్ రన్ 90–100 నిమిషాలకు మించొద్దు. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకు ముగించండి. కిలోమీటర్లు పెరగకపోయినా నష్టం లేదు.

తీరంలో చెమట ఆరదు, అందుకే ఒళ్లు చల్లబడదు. తడిసి ముద్దయినా వేడి లోపలే ఉంటుంది. మెట్ట ప్రాంతంలో చెమట పట్టినట్టే తెలియదు, ఇంటికొచ్చాక చొక్కా మీద తెల్ల చారలు చూస్తే గానీ ఎంత ఉప్పు పోయిందో అర్థం కాదు. రెండు చోట్లా వాచీలో పేస్ పక్కన పెట్టి ఊపిరిని బట్టే పరిగెత్తండి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 10–14 రోజులు పడుతుంది. ఏసీ గదుల్లో మూడు వారాలు గడిపితే అది పోతుంది.

ఆగస్టు రేసు చెడితే కోలుకుని కిలోమీటర్లు పెంచే సమయానికి ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం ఎప్పుడొస్తుందో తెలియదు. వాన వారాల్లో పోయిన పరుగును వచ్చే వారానికి కలపకండి, పోయింది పోయింది. రెండు జతల బూట్లు ఉంచుకుని మార్చి మార్చి వేసుకోండి. తడిసిన వాటిలో పేపరు కుక్కి నీడన ఆరబెట్టండి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద గుంత కనపడదు, చీలమండ మడతపడితే నెల పోతుంది.

నవంబరు, డిసెంబరు రేసు చెడితే మీకంటే అదృష్టవంతులు లేరు. జనవరి, ఫిబ్రవరి మనకు పరుగుకు తగిన నెలలు.

రోడ్ల సంగతి. తొలి నాలుగు వారాలు చదునైన, వాలు లేని చోట పరిగెత్తండి. నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం, చెరువు పక్కన నెక్లెస్ రోడ్డు పనికొస్తాయి. రోడ్డు అంచున ఎప్పుడూ ఒకే వైపు వాలు ఉంటుంది. ఎదురుగా వచ్చే బళ్లను చూస్తూ పరిగెత్తితే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కుడి కాలే పల్లంలో పడుతుంది. అదే తుంటి పక్క నొప్పికి దారి. వారంలో సగం రోజులు గ్రౌండులో, అదీ ఒకరోజు సవ్యంగా, ఒకరోజు అపసవ్యంగా తిరిగితే సర్దుకుంటుంది.

మైపాడు, కొత్తపట్నం తీరం వైపు రోడ్లు లాంగ్ రన్‌కు బాగుంటాయి, కానీ తెల్లవారుజామున రొయ్యల బళ్లు వేగంగా వస్తాయి. తలకు లైటు, మెరిసే జాకెట్టు తప్పనిసరి. చీమకుర్తి రోడ్డు మాత్రం గ్రానైట్ లారీలది, రన్నర్లది కాదు. వరికోతల రోజుల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. మిగిలిన సగం రోడ్డులో బళ్లు, మీరు ఇరుక్కుంటారు కాబట్టి ఆ వారాల్లో దారి మార్చండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి.

బీచ్ ఇసుకలో పరుగు వద్దు. మెత్తటి ఇసుకలో మడమ దిగబడి, మడమ వెనక స్నాయువు మీద భారం పడుతుంది. తడి ఇసుక గట్టిగా ఉన్నా వాలుగా ఉంటుంది. నడవండి, చాలు.

## 8. నీళ్లు, ఉప్పు, తిండి ప్రాక్టీసు

ఏడో వారం నుంచి ప్రతి లాంగ్ రన్‌నూ భోజన పరీక్షగా వాడుకోండి.

చెమట కొలత. గంట పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని తక్కువ బట్టలతో బరువు చూడండి. 60.0 కిలోలు 59.0 అయి, దారిలో 300 మి.లీ. తాగి ఉంటే, గంటకు 1.3 లీటర్ల చెమట. అదంతా తిరిగి తాగాలని కాదు. దప్పికను బట్టి గంటకు 400–800 మి.లీ. చాలామందికి సరిపోతుంది. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే అతిగా తాగారన్నమాట, అది ప్రమాదం.

ఇంటి డ్రింక్. 500 మి.లీ. నీళ్లు, ఒక నిమ్మకాయ రసం, 2 టేబుల్ స్పూన్ల పంచదార, పావు టీస్పూను ఉప్పు. దాదాపు 25–30 గ్రాముల కార్బోహైడ్రేట్, 600 మి.గ్రా. సోడియం వస్తాయి. ఉప్పు కొలిచే వేయండి, చిటికెడు లెక్క ఎవరి చిటికెను బట్టి వారిది. పొదలకూరు నిమ్మకాయలు చేతికందే జిల్లాలో రంగు పొడులు కొనడం ఎందుకో తెలియదు. బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

తినేవి. 40వ నిమిషంలో మొదలుపెట్టి ప్రతి అరగంటకు. ఒక అరటిపండు 20–25 గ్రాములు, రెండు మూడు ఖర్జూరాలు దాదాపు అంతే. గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి మూడు వారాలకు 45కి తీసుకెళ్లండి. కడుపు కూడా అలవాటు పడుతుంది. జెల్ వాడితే పక్కన మామూలు నీళ్లే, తీపి డ్రింక్ కాదు.

రేసు పొద్దున తినేది ఇడ్లీయా, బ్రెడ్డా, అరటిపండా ఇప్పుడే తేల్చుకోండి. పరుగుకు రెండున్నర గంటల ముందు రెండు మూడు ఇడ్లీలు, చట్నీ తక్కువగా, చాలామందికి పడుతుంది. నేతి కారం దోసె పరుగయ్యాక.

## 9. పదేపదే జరిగే తప్పులు

రెండో వారంలోనే వేరే రేసుకు డబ్బు కట్టడం. ఓటమి మంట మీద తీసుకునే నిర్ణయం ఇది. ఐదో వారం దాటేదాకా ఫోన్లో రిజిస్ట్రేషన్ పేజీ తెరవొద్దు. కట్టేసి ఉంటే ఫుల్‌ను హాఫ్‌కో, 10 కి.మీ.కో మార్చుకునే వీలుందేమో చూడండి.

పాత గ్రూపుతో పాత వేగం. ఆదివారం గ్రూపులో ఎవరూ ఆగరు. నాలుగు వారాలు ఒంటరిగా, లేదా మీకంటే నెమ్మదిగా పరిగెత్తేవాళ్లతో వెళ్లండి.

బూట్ల మీద నింద. 500–800 కి.మీ. తిరిగిన జత మార్చండి. 200 తిరిగిన జతను మార్చి కార్బన్ ప్లేటుది (అడుగున గట్టి కార్బన్ పలక ఉన్నది) కొంటే రేసు బాగుపడదు. గట్టి ప్లేటు బూటుతో ఈజీ రన్లు చేస్తే పిక్కలకు కొత్త బాధ.

లాంగ్ రన్ మాత్రమే మిగలడం. పనుల వల్ల వారం మధ్య పరుగులు పోయి ఆదివారం ఒక్కటే 20 కి.మీ. చేయడం. తిరిగొచ్చే ఈ వారాల్లో లాంగ్ రన్ వారం మొత్తంలో మూడో వంతు దాటకుండా చూడండి. 30 కి.మీ. వారానికి 10 చాలు.

నిద్ర. నాలుగున్నరకు లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోవాలి. అది కుదరని రోజు పరుగు సాయంత్రానికి మార్చండి, నిద్ర కోయొద్దు.

## 10. మళ్లీ ఫుల్ ఎప్పుడు

ఎనిమిదో వారం తర్వాత 12–16 వారాల అసలు ట్రైనింగ్ మొదలవుతుంది. అంటే రెండు ఫుల్స్ మధ్య కనీసం ఐదారు నెలలు. మధ్యలో, చెడిన రేసు నుంచి పన్నెండో వారం దగ్గర ఒక హాఫ్ పరిగెత్తి, ఆ టైమును 2.085తో గుణించి కొత్త లక్ష్యం వేసుకోండి.

ఫుల్‌కు డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి:

- వరసగా ఎనిమిది వారాలు పాత సగటులో 80 శాతం పైన పరుగు.
- 3వ దశలో రాసిన కారణానికి కనీసం నాలుగు లాంగ్ రన్లలో పరీక్ష జరిగి ఉండటం.
- గంటకు 45 గ్రాములు తిని కడుపు నిలబడటం.
- రేసుకు మూడు నాలుగు వారాల ముందు 28–30 కి.మీ. పరుగు పెట్టుకోవడానికి క్యాలెండరులో చోటుండటం. అందులో చివరి 8 కి.మీ. లక్ష్యపు పేస్‌లో ఉండాలి.

ఆ 28–30 పరుగులో చివరి 8 కి.మీ. పేస్ నిలవకపోతే లక్ష్యపు పేస్‌ను కిలోమీటరుకు 10–15 సెకన్లు నెమ్మది చేయండి. ఆ పరుగే పూర్తి చేయలేకపోతే హాఫ్‌కు మారండి. రేసు రోజు మొదటి 5 కి.మీ. లక్ష్యం కంటే 10 సెకన్లు నెమ్మదిగా వెళ్లండి. పక్కనవాళ్లు దాటిపోతుంటే పోనివ్వండి, వాళ్లలో చాలామంది 32 దగ్గర నడుస్తూ కనిపిస్తారు.